పిల్లల పేకలో చెడ్డ ముక్కలెన్ని?

మా ఇంట్లో పేక అంటే సంక్రాంతికి బావగారూ, మరుదులూ వేసుకునే రమ్మీ ఒక్కటే. అలాంటిది ఈ చలికాలం నేనే కూర్చుని 36 ముక్కల పేక తయారుచేశాను. చేత్తో పట్టుకునేది కాదు, కంప్యూటర్లో ఉండేది.

సంగతేమిటంటే, మా అమ్మాయి టొరంటోలో ఎమ్మెస్ చదువుతోంది. డాలస్‌లో మా తమ్ముడి పిల్లలిద్దరు, బెంగుళూరులో మా ఆడపడుచు కొడుకు, ఇక్కడ రాజమండ్రిలో మా అబ్బాయి. ఆదివారం మనకి పొద్దున్న ఎనిమిదిన్నరకి, అక్కడివాళ్ళకి ఇంకా శనివారం రాత్రే, అందరూ రోల్20 అనే సైట్‌లో చేరి డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడతారు. అమెరికాలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి తయారుచేసిన ఈ ఆట 1974లో వచ్చింది. ఒకరు కథ నడిపిస్తారు, మిగిలినవాళ్ళు ఒక్కో పాత్ర అవుతారు. తలపెట్టిన పని జరిగిందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. పూర్వం ఒక బల్ల చుట్టూ కూర్చుని ఆడేవారు. 2012లో మొదలైన రోల్20లో ఆ బల్ల తెరమీదే ఉంటుంది. మావాళ్ళలో కథ నడిపేది మా అమ్మాయే.

నవంబరులో అది ఫోన్ చేసి, "అమ్మా, కథలో తిరునాళ్ళ వస్తోంది. అక్కడ ఏమేం జరుగుతాయో ముక్కలు రాసివ్వు. ఎవరికి ఏ ముక్క వస్తే వాళ్ళకి అది జరుగుతుంది" అంది.

రెండు మధ్యాహ్నాలు రాశాను. జీళ్ళ కొట్టు దగ్గర చిన్ననాటి స్నేహితురాలు కనిపించడం, గాజులమ్మే ఆవిడ ఊరికే ఒక జత ఇవ్వడం, తప్పిపోయిన పిల్లాడు మన చెయ్యి పట్టుకోవడం. రంగులరాట్నం పైన ఉండగా ఆగిపోవడం, చెప్పులు పోవడం, వాన రావడం. క్యాన్వాలో అన్నీ ఒకే కొలతలో బొమ్మలుగా చేశాను. బొమ్మ అయితే అక్షరాలు ఎవరి కంప్యూటర్లోనూ చెదిరిపోవు. డాలస్ మేనల్లుడికి తెలుగు చదవడం రాదు, వాడి కోసం ప్రతి ముక్క కింద చిన్నగా ఇంగ్లీషులో ఒక వాక్యం పెట్టాను. లేకపోతే వాడి చేతిలో ముక్క ఇంకొకరు చదివిపెట్టాలి, గుట్టు కాస్తా రట్టవుతుంది! సైట్‌లో కొత్త పేక తెరిచి పేరు పెట్టాలి, వెనకవైపు బొమ్మ ఒకటి ఇవ్వాలి, ఆ తర్వాత ముక్కలు ఒక్కొక్కటీ చేర్చాలి. మంగళసూత్రం పూసలు గుచ్చినంత ఓపిక కావాలి.

పేచీ లెక్క దగ్గర వచ్చింది. నేను మంచివి 24, చెడ్డవి 12 రాశాను. అది "సగం సగం ఉండాలమ్మా. అన్నీ మంచివే వస్తుంటే ముక్క తీసేటప్పుడు గుండె కొట్టుకోదు" అంది. సరే, 18, 18. కానీ నాదొక షరతు పెట్టాను. చెడ్డ ముక్క ప్రతిదాని మీదా బయటపడే దారి ఒకటి రాసి ఉండాలి. చెప్పులు పోతే, అరుగు మీద చెప్పులు కుట్టే తాత ఉంటాడు. వాన వస్తే, పక్కనే సత్రం. దారి వెతుక్కోవడం వాళ్ళ పని, దారి ఉంచడం నా పని.

ఇంకొకటి మిగిలింది. ముక్కలు ఎప్పటికీ అయిపోకుండా పెట్టుకునే వీలు కూడా ఆ సైట్‌లో ఉంది. "పెట్టనా?" అంది. వద్దన్నాను. పాచికకి జ్ఞాపకం ఉండదు. అయిదుసార్లు వరసగా ఒకటి పడినా, ఆరోసారి ఒకటి పడే అవకాశం ఇరవైలో ఒకటే. పేక అలా కాదు, తీసిన ముక్క పక్కకి పోతుంది. అయిదు చెడ్డవి వరసగా వచ్చాయనుకో, మిగిలిన 31లో మంచివి 18, చెడ్డవి 13. మన వైపే మొగ్గుతుంది.

అటునుంచి కాసేపు మాట లేదు. తర్వాత మెల్లిగా, "అయితే నావి కూడా కొన్ని అయిపోయినట్టేనా అమ్మా?" అంది.

"ఎన్ని వచ్చాయి తల్లీ? చెప్పు, లెక్కపెడదాం" అన్నాను.

నాలుగు చెప్పింది. గదిలో ఉండే అమ్మాయి ఖాళీ చేసి వెళ్ళిపోవడంతో అద్దె అంతా దీని మీదే పడింది. కాఫీ కొట్టులో పని గంటలు తగ్గించారు. ఒక పరీక్ష పోయింది. నాలుగోది, వారమంతా ఎవరితోనూ నోరారా మాట్లాడకుండా గడిచిపోవడం. ఆదివారం ఆట తప్ప. రోజూ వీడియోలో "తిన్నావా?" అంటే "తిన్నా" అనే పిల్ల.

జీవితం 36 ముక్కల పేక కాదని నాకూ తెలుసు. ఎవరూ సగం మంచివి లెక్కపెట్టి పెట్టరు. ఆ మాట దానికీ చెప్పాను. కానీ నా షరతు మాత్రం ఇక్కడా వదల్లేదు. నాలుగింటికీ పక్కన ఒక్కో దారి రాయమన్నాను. అద్దె దగ్గర వాళ్ళ నాన్నగారి పేరు రాసింది. పరీక్ష దగ్గర ప్రొఫెసర్‌ని కలవడం అని రాసింది. గదికి కొత్తగా వచ్చే అమ్మాయి జనవరిలో దొరికింది. నాలుగోదాని దగ్గర ఏమీ రాయలేదు. దానికి నేను బుధవారం రాత్రులు ఫోన్‌లో కలిసి వంట చేయడం అని రాశాను. మొన్న పప్పుచారు అయింది.

ఇప్పుడు రెండో పేక మొదలుపెట్టాను, పెళ్ళివారిల్లు. మీరైతే మీ పిల్లల పేకలో చెడ్డ ముక్కలెన్ని వేస్తారు? ఒకటి రెండు నాకూ చెప్పండి, 18 నింపాలి మరి.