ఏ వేషం కట్టాలి?

సావనీరుకి ఏదైనా రాసివ్వమని అడిగినప్పుడు, నేను బి.యస్సీ. విద్యార్థిని గనుక అణువు గురించో అంతరిక్షం గురించో రాస్తానని మిత్రులు ఆశించి ఉంటారు. నేను రాయబోయేది ఒక ఆట గురించి. అదైనా కబడ్డీయో క్రికెట్టో కాదు. అరచేతుల్లో పట్టుకుని ఆడే చిన్న యంత్రం కోసం ఒక ఆటను ఎంచుకోవడానికి నేను పడిన అవస్థ గురించి. "ఇదీ ఒక విషయమేనా?" అని పెద్దలు కసురుకోవద్దని మనవి. ఈ అవస్థలో పడే మా నాన్నతో అబద్ధమాడాను. ఈ అవస్థ పుణ్యమా అనే మా పొలం లెక్క ఇరవయ్యేళ్ళకి మొదటిసారి చూశాను.

మాది రావికమతం. చోడవరం నుంచి వడ్డాది మీదుగా నర్సీపట్నం పోయే రోడ్డు మీద ఉంటుంది. 2022 ఏప్రిల్ 4 దాకా విశాఖపట్నం జిల్లా, ఆనాటి నుంచి అనకాపల్లి జిల్లా. మాకు మూడెకరాల భూమి. రెండెకరాల్లో చెరకు, ఒక ఎకరంలో వరి. సంక్రాంతి సెలవులంటే పట్నం పిల్లలకు గాలిపటాలేమో గాని మాకు బెల్లం వంట. ఈ ఏడు కూడా సెలవులన్నీ గానుగ దగ్గరే గడిచాయి. చెరకు మోశాను, గానుగలో పెట్టాను, పిప్పి ఎండబెట్టాను, పెనం కింద మంట ఎగదోశాను. తిరుగు ప్రయాణంనాడు నాన్న ఆరువేలు నా చేతిలో పెట్టి, "బయటోడికైతే ఇంతకంటే ఎక్కువే ఇద్దును. పుస్తకాలు కొనుక్కో" అన్నాడు.

పుస్తకాలు కొనలేదు. హాస్టల్లో మా సీనియరు ఒకాయన ఉద్యోగం వచ్చి వెళ్ళిపోతూ తన నింటెండో స్విచ్ లైట్ అమ్మకానికి పెట్టాడు. 2019లో వచ్చిన యంత్రం అది. అయిదున్నర అంగుళాల తెర, అటూ ఇటూ మీటలు, లేత పసుపు రంగు. రెండేళ్ళుగా ఆయన పక్కన కూర్చుని దాని వంక ఆశగా చూసినవాణ్ణి నేను. ట్యూషన్లు చెప్పి దాచుకున్న ఆరున్నర వేలు నా దగ్గర ఉన్నాయి. నాన్న ఇచ్చినవి కలిపితే పన్నెండున్నర. యంత్రం తొమ్మిదిన్నరకు బేరం కుదిరింది. మూడువేలు మిగిలాయి. ఆ రాత్రి నాన్న ఫోన్ చేసి "కొన్నావేట్రా?" అన్నాడు. "కొన్నాను నాన్నా" అన్నాను. ఏం కొన్నానో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

ఇంట్లో ఎందుకు చెప్పలేదంటే దానికో కారణం ఉంది. మా వైపు పల్లెల్లో ఇప్పుడు 'గేమ్' అనే మాటకు పేకాట అనే అర్థం వచ్చేసింది. ఫోన్లో రమ్మీ ఆడి అప్పులపాలైన కుర్రాళ్ళ కథలు ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది. దేశమంతటికీ వర్తించేలా పార్లమెంటు 2025 ఆగస్టులో చట్టం చేసింది. నేను కొన్నది ఆ జాతి ఆట కాదని అమ్మానాన్నలకు విడమరిచి చెప్పే ధైర్యం నాకు చాలలేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. చేతిలో యంత్రం ఉంది, మూడువేలు ఉన్నాయి, ఒక్క ఆట కొనగలను. ఏ ఆట? నాకు ఇష్టమైనవి రోల్ ప్లేయింగ్ గేమ్స్. పేరు పెద్దదే గాని సంగతి మనకు కొత్తది కాదు. వేషం కట్టడం! మా తాత కుర్రతనంలో వీధి భాగోతంలో వేషాలు కట్టేవాడట. తెల్లవార్లూ రాజుగా ఆడి, పొద్దున్నే గోచీ బిగించి దుక్కికి పోయేవాడట. ఈ ఆటల్లోనూ అంతే. ఎవరో ఒకరి వేషం మనం కడతాం, వాడు చెయ్యవలసినవి మనం చేస్తాం, చేసేకొద్దీ వాడు బలపడతాడు. 1974లో అమెరికాలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనేవారు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఆటను అచ్చువేశారు. నలుగురూ బల్ల చుట్టూ కూర్చుని, పాచికలు వేస్తూ, నోటితోనే కథ నడుపుకోవాలి. ఆ పద్ధతి తరవాత కంప్యూటర్లలోకి వెళ్ళింది. 1986లో జపాన్‌లో 'డ్రాగన్ క్వెస్ట్' వచ్చాక ఇంటింటి ఆట అయింది. 1996లో 'పోకెమాన్' రూపంలో పిల్లల జేబుల్లోకి దిగింది.

సీనియరు మూడు పేర్లు చెప్పాడు. ఏది మంచిదని అడిగితే మూడూ మంచివే అన్నాడు. ఇంటర్నెట్‌లో చూస్తే ప్రతి ఆటనూ ఆకాశానికెత్తినవాడు ఒకడు, దుమ్మెత్తిపోసినవాడు ఒకడు. రెండు రాత్రులు ఇదే ధ్యాస. చివరికి నాన్న చెరకు విత్తనం ఎంచే పద్ధతి గుర్తొచ్చింది. మా అనకాపల్లిలో 1913 నుంచి చెరకు పరిశోధనా కేంద్రం ఉంది. అక్కడ పుట్టిన 87ఏ298 అనే రకాన్ని మేమూ వేశాం. కొత్త రకం పేరు వినగానే నాన్న ఎగబడడు. "పక్కోడి తోట సూసి ఇత్తనం కొనీకూడదురా. మన నేలేటి, మన నీరేటి, మనకి మనుషులెంతమంది, ముందు అది సూసుకోవాల" అంటాడు. సరే, నా నేల ఏమిటి? పొద్దున తరగతులు, మధ్యాహ్నం ప్రయోగశాల, సాయంత్రం ట్యూషన్లు, రాత్రి చదువు. నా నీరు? రోజుకి అరగంట, మహా అయితే ముప్పావు గంట. నా మనుషులు? హాస్టల్లో ఈ యంత్రం ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే.

మొదటిది 'పోకెమాన్ స్వోర్డ్'. వింత జంతువుల్ని పట్టి, పెంచి, పోటీలకు దింపే ఆట. చూడముచ్చటగా ఉంటుంది. కాని అది 'స్వోర్డ్', 'షీల్డ్' అని జంటగా వచ్చింది. ఒకదానిలో దొరికే జంతువులు కొన్ని రెండోదానిలో దొరకవు. పక్కన స్నేహితుడొకడు ఉండి ఇచ్చిపుచ్చుకుంటేనే దాని రుచి. ఒంటివాణ్ణి గనుక దాన్ని పక్కన పెట్టాను.

రెండోది 'డ్రాగన్ క్వెస్ట్ 11 ఎస్'. దీన్ని కొనేముందు పది గంటల దాకా ఉచితంగా ఆడి చూడవచ్చు. నచ్చి కొంటే ఆపిన చోటినుంచే సాగించవచ్చు. పల్లెటూళ్ళో పెంపుడు తల్లి దగ్గర పెరిగిన కుర్రాడు తాను లోకాన్ని కాపాడవలసిన వీరుణ్ణని తెలుసుకుని రాజుగారి దగ్గరికి వెళతాడు. ఆ రాజు వాణ్ణే చెరసాలలో వేయిస్తాడు. యుద్ధంలో మన వంతు వచ్చేదాకా ఎదుటివాడు ఆగుతాడు గనుక తొందర లేదు, నింపాదిగా ఆలోచించుకోవచ్చు. నేను ఆ ఉచితభాగాన్ని ఒక శని, ఆదివారాల్లో అవగొట్టేశాను. సోమవారం ప్రాక్టికల్స్‌లో నిద్రమొహంతో బ్యూరెట్ చూసి రీడింగు తప్పు వేశాను. ఆట తప్పేమీ లేదు. అంత బాగుంది గనకనే ప్రమాదం. కథ పూర్తికావడానికి యాభై గంటలు పైమాటే. రోజుకి అరగంట నీరున్న నేలలో వేసే పంట కాదది.

మూడోది 'స్టార్‌డ్యూ వ్యాలీ'. ఎరిక్ బరోన్ అనే అమెరికా యువకుడు బొమ్మలూ సంగీతమూ కథా అన్నీ ఒక్కడే చేసుకుని నాలుగేళ్ళకు పైగా శ్రమించి 2016లో విడుదల చేసిన ఆట. దాని కథ చదివి ఫక్కున నవ్వాను. పట్నంలో ఆఫీసు ఉద్యోగంతో విసిగిపోయినవాడు, తాత రాసిపెట్టిన ఉత్తరం విప్పి చూసుకుని, ఉద్యోగం వదిలేసి తాత పొలానికి పోయి వ్యవసాయం చేస్తాడు! నేను మూడేళ్ళుగా పుస్తకాలతో కుస్తీ పడుతున్నది దీనికి సరిగ్గా తిరగేసిన వేషం కోసం. పొలం వదిలి ఏ ఆఫీసులోనైనా కుర్చీ సంపాదించాలని. ఇంటి దగ్గర చెయ్యలేక తప్పించుకునే పని, డబ్బిచ్చి కొనుక్కుని ఆడాలా?

కాని లెక్క చూస్తే అదే గెలిచింది. మొదటి రెండూ సెకండ్‌హ్యాండ్ కార్డులే రెండున్నర వేలకు పైన. ఇది డౌన్‌లోడు చేసుకుంటే పదమూడు వందలు. కార్డయితే మళ్ళీ అమ్ముకోవచ్చు, డౌన్‌లోడు చేసింది అమ్ముకోలేం, అదొక్కటే లోటు. అన్నిటికంటే ముఖ్యం, దానిలో ఒక రోజంటే మన గడియారంలో పద్నాలుగు నిమిషాలు. మనిషి పడుకోగానే ఆట దానంతటదే భద్రమవుతుంది. రాత్రి చదువయ్యాక రెండు 'రోజులు' సాగు చేసి నిద్రపోవచ్చు. మిగిలిన పదిహేడు వందలతో ఫిజికల్ కెమిస్ట్రీ పుస్తకం కొన్నాను. దాంతో నా అబద్ధంలో కొంత నిజమైందని సరిపెట్టుకున్నాను.

ఉగాదికి ఇంటికి వెళ్ళినప్పుడు యంత్రాన్ని బట్టల అడుగున దాచి తీసుకుపోయాను. రాత్రి అరుగు మీద దుప్పటి ముసుగులో ఆడుతుంటే వెలుతురు చూసి నాన్న వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఏట్రా అది?"

"ఆట నాన్నా."

"డబ్బులెట్టి ఆడేదా?"

"కాదు నాన్నా, ఒట్టు. ఇది... వ్యవసాయం ఆట."

నాన్న నా మొహంలోకి చూశాడు. "యవసాయం ఆటేటి? ఏదీ సూపించు."

చూపించాను. విత్తనం నాటడం, నీళ్ళు పొయ్యడం, కాకులు రాకుండా దిష్టిబొమ్మ పెట్టడం. దిష్టిబొమ్మ దగ్గర నవ్వాడు. ముల్లంగిలాంటి దుంప ఒకటి ఉంది. విత్తనం ఇరవైకి కొంటే నాలుగు రోజుల్లో పంటకొచ్చి ముప్పై అయిదుకు పోతుంది.

"రేపు దీని రేటెంత?"

"రేపూ ముప్పై అయిదే."

"వొచ్చే యేడు?"

"అప్పుడూ అంతే."

"వానో?"

"రేపు వస్తుందో రాదో ముందురోజు టీవీలో చెబుతారు. చెప్పినట్టే వస్తుంది."

"కూలోళ్ళు?"

"లేరు. నేనొక్కణ్ణే."

"అప్పు?"

"అప్పు లేదు నాన్నా."

నాన్న కాసేపు తెర వంకే చూసి, "రేటు ముందే తెలిసిపోయి, వాన సెప్పినట్టొచ్చి, అప్పు లేకపోతే మనమూ రాజులమే గదరా. ఇది యవసాయం కాదు. సరదాకి బాగుంది, ఆడుకో" అన్నాడు. లేవబోతూ, "ఎంతయిందేటి?" అన్నాడు.

ఆ చీకట్లో నాకు అబద్ధం తోచలేదు. తొమ్మిదిన్నర వేలూ, పదమూడు వందలూ, ఆయనిచ్చిన ఆరువేలూ అన్నీ చెప్పేశాను. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "ఆ డబ్బులు నీయే. నువ్వు పన్జేసినియే. నిజం సెప్తే వొద్దందునేటి? నాలుగు మాటలు తిడుదును, అంతే గదా" అన్నాడు. ఆ నాలుగు మాటలూ తిట్టి ఉంటే బాగుండేది.

నిద్ర పట్టలేదు. ముల్లంగి దుంప లాభం పదిహేను అని టకీమని చెప్పగలను, మా చెరకు ఎకరానికి ఏం మిగులుతుందో నాకు తెలియదు! పొద్దున్నే నోటుబుక్కు పట్టుకుని నాన్న దగ్గర కూర్చున్నాను. విత్తనం, దుక్కి, ఎరువు, కలుపు, తోట పడిపోకుండా జడచుట్టు, కొట్టుడు కూలి, గానుగ అద్దె, వంటవాడి కూలి, అనకాపల్లి మార్కెట్టుకి బండి కిరాయి. నాన్న నోటితో చెబుతుంటే నేను రాశాను. ఒక చోట ఆగి, "నాదీ, మీ అమ్మదీ కూలి రాయకు. రాస్తే ఏటీ మిగల్దు" అన్నాడు. రాయలేదు. గీత గీసి తీసివేస్తే ఎకరానికి మిగిలింది పదకొండువేల చిల్లర. నా యంత్రమూ ఆటా కలిపితే పదివేల ఎనిమిది వందలు. రెండు అంకెలూ ఒకే పేజీలో పక్కపక్కన ఉన్నాయి. నాన్న వాటిని చూశాడు గాని ఏమీ అనలేదు. బుక్కు తీసి చూరులో పెట్టాడు.

మిత్రులారా! నీతి చెప్పేంత వయసు నాకు లేదు. ఇలాంటి యంత్రం కొనుక్కునే తమ్ముళ్ళకు చెప్పగలిగింది ఒక్కటే. ఏ ఆట గొప్పదని అడగకండి. మీ గంటలెన్ని, మీ కళ్ళెంత ఓర్చుకుంటాయి, మీతో ఆడేవాళ్ళెవరు, అది చూసుకుని ఎంచండి. ఉచితంగా ఆడి చూడగలిగితే తప్పక చూడండి. కొన్న డబ్బు ఎక్కడిదో ఇంట్లో చెప్పి మరీ కొనండి.

నా సంగతి అంటారా? ఆటలో నేనిప్పుడు రెండో ఏట ఉన్నాను. మంచి ఆస్తిపరుణ్ణి. డిగ్రీ అయ్యాక యంత్రం ఎవరికైనా అమ్మేస్తాను. ఆఫీసు కుర్చీయా, చెరకు తోటా అన్నది ఇంకా తేల్చుకోలేదు. చూరులో ఉన్న నోటుబుక్కులో వచ్చే ఏటి లెక్క కూడా రాశాక ఆలోచిస్తాను. మొన్న ఫోన్లో అన్ని కబుర్లూ అయ్యాక నాన్న అడిగాడు:

"నీ పొలంలో వానొచ్చిందేట్రా?"

"వచ్చింది నాన్నా. మనకో?"

"ఇంకా లేదు" అన్నాడు.