నారిచ్‌లో పరదేశుల లోగిలి

లండన్ లివర్‌పూల్ స్ట్రీట్ స్టేషన్‌లో రైలెక్కితే రెండు గంటల్లో నారిచ్. కేథడ్రల్ చూసి వెనక్కొచ్చేద్దామనుకున్నాను. అక్కడే చదువుకుంటున్న మా మేనకోడలు ఒప్పుకోలేదు, చారింగ్ క్రాస్ అనే చిన్న వీధిలోని స్ట్రేంజర్స్ హాల్‌కి లాక్కెళ్లింది. బయటి నుంచి చూస్తే లోపల ఇంత ఇల్లుందని ఎవరూ అనుకోరు.

ఇంట్లో అన్నిటికన్నా పాతది నేలమాళిగ, 1320 ప్రాంతపుది. కమాను కప్పు కింద అప్పట్లో వర్తకుల సరుకుండేది. పెద్ద హాలు 15వ శతాబ్దం నడుమ విలియం బార్లీ అనే వర్తకుడు కట్టించాడు. 1539లో మేయరైన నికొలస్ సొదర్టన్ చేతికొచ్చాక వాకిట్లో మెట్లూ, ముఖమండపమూ వచ్చాయి.

ఆ హాల్లోంచి నేను ఒక పట్టాన కదల్లేదు. గోడ నుంచి గోడకు అడ్డదూలాలు, దూలం నడుమ మన పూరింటి నిట్టాడులా నిలబడ్డ పొట్టి గుంజ, దాని నుంచి నాలుగు పక్కలకూ చేతులు చాచిన వంపు కొయ్యలు. కప్పు బరువు ఎటునుంచి ఎటు దిగుతోందో కంటితోనే లెక్క కట్టొచ్చు. దాచిందేమీ లేదు.

ఒకప్పుడు యజమానీ, పనివాళ్లూ అంతా ఇలాంటి హాల్లోనే కలిసి తినేవారు. 17వ శతాబ్దానికి డబ్బున్నవాళ్లకు పైన వేరే గదులు కావలసొచ్చాయి. అప్పుడు మెట్లు కూడా దర్జా చూపుకునే వస్తువైపోయాయి. 1627లో ఫ్రాన్సిస్ కాక్ అనే మేయరు ఇక్కడ కొయ్య మెట్లూ, వాటి పక్కన పెద్ద కిటికీ పెట్టించాడు. అంత గాజు పెట్టించడమంటే ఆ రోజుల్లో ఊరికి తన కలిమి చూపించుకోవడమే.

గది గదికీ నేల మట్టం మారిపోతుంది. రెండు మెట్లెక్కు, మలుపు తిరుగు, మళ్లీ దిగు. ‘‘దీనికి ప్లాన్ గీసినవాడు లేడా మావయ్యా?’’ అంది పిల్ల.

‘‘ఒకడైతే ఇలా ఎందుకుంటుందే?’’ అన్నాను. నాకైతే ఆ గజిబిజే నచ్చింది. 18వ శతాబ్దపు భోజనాల గది అంతా తీరుగా ఉంది, అందుకే కాబోలు రెండు నిమిషాల్లో బయటికొచ్చేశాను.

పేరులోని పరదేశులు నేతగాళ్లు. ఊళ్లో ఉన్ని నేత దెబ్బతిన్నప్పుడు, 1565లో, అప్పటి మేయర్ థామస్ సొదర్టన్ హయాంలో నెదర్లాండ్స్ వైపు నుంచి 30 కుటుంబాలను పిలిపించారు. మతం పేరిట వేధింపులు తప్పించుకొస్తున్న కాలమది. కొందరు ఈ ఇంట్లోనే దిగారంటారు. కొన్నేళ్లకే ఊరి జనాభాలో మూడోవంతు దాకా వాళ్లే. వాళ్లు పెంచిన కెనరీ పిట్ట ఇప్పుడు ఊరి ఫుట్‌బాల్ జట్టు గుర్తు!

19వ శతాబ్దం చివరికి ఇల్లు పాడుబడి కూల్చివేత దాకా వచ్చింది. లెనర్డ్ బోలింగ్‌బ్రోక్ అనే లాయరు 1899లో కొని, బాగుచేయించి, మరుసటేడు మ్యూజియంగా తెరిచాడు. 1922లో నగరానికి ఇచ్చేశాడు. ఆయన చేసింది చిన్న పని కాదు. కాకపోతే గదికో కాలం చొప్పున సామాను సర్దిన తీరు చూస్తే, గది వయసూ అంతేననిపిస్తుంది. వెళ్లేవాళ్లకు నేను చెప్పేదొకటే: మంచాలూ కుర్చీలూ తర్వాత చూడొచ్చు, ముందు తలెత్తి దూలాలు చూడండి.