పాము అని పేరుపడిన ఎడమచేతి ఆటగాడు

క్రిస్మసు దినమున మగబిడ్డ పుట్టినయెడల మన పల్లెలలో పేరుకొరకు ఎవరును ఎక్కువగా ఆలోచింపరు. పాదిరిగారు రాకమునుపే ఇమ్మానుయేలు అనియో, యేసుదాసు అనియో ఇంటివారు నిశ్చయించి యుందురు. అమెరికా దేశమందలి అలబామా రాష్ట్రములో, ఫోలీ అను చిన్న ఊరిలో, 1945 డిసెంబరు 25వ తేదీన ఒక మోటారు మెకానిక్కు ఇంట పుట్టిన బిడ్డకు కెన్నెత్ మైకేల్ స్టేబ్లర్ అని పేరు పెట్టిరి. గాని లోకము అతనిని ఆ పేరుతో పిలువలేదు. బడిలో చదువుచుండగా ఒకనాడు బంతిని చంకబెట్టుకొని అటునిటు మెలికలు తిరుగుచు అతడు మైదానమంతయు పరుగెత్తుట చూచి అతని శిక్షకుడు "పాము" అనెను. ఆ పేరే చివరివరకు నిలిచెను. ఆదికాండము చదువుకొన్న మనకు అది మంచి పేరుగా తోచదు. అతనికి మాత్రము ఇష్టమే. 1986లో తన స్వచరిత్ర అచ్చువేయించినప్పుడు ఆ పుస్తకమునకు కూడ ఆ పేరే పెట్టుకొనెను.

మా సంఘపు యౌవనస్థుడొకడు ఆ దేశములో ఉద్యోగము చేయుచున్నాడు. సెలవులకు వచ్చినప్పుడు తన ఫోనులో ఆ పాత ఆటలను నాకు చూపెను. వారు ఫుట్‌బాల్ అని పిలుచునది మన పిల్లలు కాలితో తన్ను ఆట కాదు. బంతి ఒలవని చిన్న కొబ్బరికాయవలె రెండు కొనలు మొనదేరి యుండును. ప్రక్కకు పదునొకండుగురు. నాలుగు ప్రయత్నములలో పది గజములు ముందుకు సాగవలెను, సాగనియెడల బంతి ఎదుటివారి పాలగును. మన కబడ్డీలో కూతకు పోయినవానిని పట్టి పడవేసినట్లే బంతి పట్టినవానిని పడవేయుదురు, అయితే ఇక్కడ పడవేయువారు ఇనుపకడ్డీల టోపీలు ధరించిన నూరు కిలోల మనుష్యులు. వీరందరి నడుమ నిలిచి, బంతి ఎవరికి విసరవలెనో రెండు మూడు క్షణములలో తేల్చుకొనువానిని క్వార్టర్‌బాక్ అందురు. మీదికి మనుష్యులు ఉరుకుచుండగా అతడు వారిని చూడరాదు, దూరముగా పరుగెత్తుచున్న తనవానినే చూడవలెను. ఈ సంగతి నన్ను చాలసేపు ఆలోచింపజేసెను.

స్టేబ్లర్ ఎడమచేతివాటము గలవాడు. ఏహూదును ఎరిగిన మనకు అది వింత కాదు గాని ఆ ఆటలో అట్టివారు అరుదు. అలబామా విశ్వవిద్యాలయములో బేర్ బ్రయంట్ అను కఠినుడైన గురువు చేతిక్రింద ఆడెను. 1967లో అభ్యాసమునకు సరిగా రానందున ఆ గురువు అతనిని జట్టునుండి నిలిపివేసెను. మరల చేర్చుకొనబడిన పిమ్మట, అదే సంవత్సరము డిసెంబరు 2న, వాన కురిసి మైదానము మన వరిమడివలె బురదయై యుండగా, ఆబర్న్ జట్టుమీద 47 గజములు పరుగెత్తి ఆటను గెలిపించెను. అలబామా వారు ఆ పరుగును ఈనాటికిని చెప్పుకొందురు.

తరువాత కాలిఫోర్నియాలోని ఓక్లండ్ రైడర్స్ అను జట్టు 1968లో అతనిని ఎన్నుకొనెను. 1969లో మనసు నిలువక శిబిరము విడిచి ఇంటికి పోయెను, మరుసటి ఏట తిరిగి వచ్చెను. అతని నడవడి గూర్చి దాచవలసినది లేదు, తానే దాచలేదు గనుక. జుట్టు, గడ్డము పెంచెను. ఆటకు ముందు రాత్రులు కూడ మద్యపు దుకాణములలో గడిపితినని తన పుస్తకములో వ్రాసికొనెను. మూడుమార్లు పెండ్లియాడెను. ఇదంతయు మెచ్చుకొనదగినదని నేను చెప్పను. అయితే అతని వలన నొచ్చుకొన్న జతగాండ్ర మాటలు వెదకితిని, నాకు దొరకలేదు. ఓడిపోవుచున్న ఘడియలో అతని ముఖము మారెడిది కాదనియే అందరును చెప్పిరి. శిక్షకుడు జాన్ మాడెన్ ముసలితనములో సహితము, గెలువవలసిన చివరి ప్రయత్నము ఒక్కటే మిగిలియున్నయెడల ఆ పనికి స్టేబ్లర్‌నే పిలుతునని చెప్పుచుండెను.

1974 డిసెంబరు 21న మయామీ జట్టుతో ఆట. ఇంక అర నిమిషమైనను మిగిలియుండలేదు. వెనుకనుండి ఒకడు కాళ్లు పట్టి లాగుచుండగా, ముందుకు పడిపోవుచు బంతిని గాలిలోనికి వదలెను. అచ్చట ముగ్గురు నలుగురి చేతులు లేచెను, వాటి నడుమ తనవాని చేతులు బంతిని పట్టుకొనెను. 28కి 26, గెలుపు. నా ఎదుట ఫోను పట్టుకొనియున్న పిల్లవాడు కేక వేసెను, నేనును వేసితిని. 1977 జనవరి 9న మిన్నెసోటా జట్టును 32-14తో ఓడించి సూపర్ బౌల్ అను దేశపు పెద్ద పందెమును గెలిచిరి. ఎడమచేతి క్వార్టర్‌బాక్ దానిని గెలుచుట అదే మొదటిసారి.

నాకు నచ్చని ఆట ఒకటి కలదు. 1978 సెప్టెంబరు 10న శాన్ డియాగోలో పది క్షణములు మాత్రము మిగిలి, స్టేబ్లర్ పట్టుబడి పోవుచుండగా, బంతి అతని చేతినుండి ముందుకు జారెను. జతగాడొకడు దానిని ముందుకు నెట్టెను, ఇంకొకడు కాలితో తన్ని గీత దాటించి మీద పడెను. 21-20తో గెలిచిరి. చేయి జారినదని న్యాయనిర్ణేతలు తలంచిరి. కావలెననియే వదలితినని తరువాత అతడే నవ్వుచు ఒప్పుకొనెను. మరుసటి సంవత్సరమే ఆ యెత్తు ఇక సాగకుండ నియమమును మార్చిరి. ఆ ఆటకు అచ్చటివారు పెట్టిన పేరు "హోలీ రోలర్". ఆత్మావేశముతో నేలమీద పొర్లుచు ఆరాధించు బీదసంఘముల వారిని ఎగతాళి చేయుటకు ఆ దేశములో వాడిన మాట అది. మన గ్రామములలో ఇట్టి ఎగతాళి పడినవారు దాని రుచి ఎరుగుదురు.

1980లో హ్యూస్టనుకును, 1982లో న్యూ ఆర్లియన్సుకును పోయి, 1984తో ఆట చాలించెను. 194 మార్లు అతని బంతి గమ్యము చేర్చినది, 222 మార్లు శత్రువుల చేత చిక్కినది. ఈ రెండవ లెక్క చూపియే కాబోలు, గొప్ప ఆటగాండ్ర పేర్లు నిలుపు ఓహాయో రాష్ట్రపు కాంటన్ మందిరములోనికి అతనిని ఏండ్ల తరబడి రానీయలేదు. కడుపులోని పెద్దప్రేగునకు క్యాన్సరు సోకి 2015 జూలై 8న మరణించెను. మందిరపువారు 2016 ఫిబ్రవరిలో అతనిని ఎన్నుకొనిరి. ఆ ఆగస్టులో జరిగిన సభ చూచుటకు అతడు లేడు.

ఇక నేను ఈ వ్యాసము వ్రాయుటకు కారణమైన సంగతి. చనిపోకమునుపే అతడు తన మెదడును, వెన్నుపామును బోస్టన్ విశ్వవిద్యాలయపు వైద్యులకు ఇచ్చివేయుడని కోరెను. ఎందుకనగా, తలకు మరల మరల దెబ్బలు తగిలినవారికి ఏండ్లు గడచిన తరువాత మెదడు క్షీణించు వ్యాధి ఒకటి కలదు. ముష్టియుద్ధము చేయువారిలో దీనిని 1928లోనే గుర్తించిరి. ఫుట్‌బాల్ ఆటగాండ్రలో మొదట కనుగొన్నవాడు నైజీరియానుండి వచ్చిన బెనెట్ ఒమాలు అను వైద్యుడు. 2002లో చనిపోయిన మైక్ వెబ్‌స్టర్ మెదడులో దానిని చూచెను. ఈ వెబ్‌స్టర్ పిట్స్‌బర్గ్ జట్టులో నుండి స్టేబ్లర్ జట్టుకు ఎదురాడినవాడే. ఒక దెబ్బకే మూర్ఛపోవుట కాదు, చిన్న చిన్న తాకిడులు వేలకొలది చేరి, టావ్ అను మాంసకృత్తు నరముల నడుమ ముద్దలు కట్టునట్లు చేయుననిరి. బ్రతికియున్నవానిలో దీనిని నిశ్చయముగా కనిపెట్టు పరీక్ష ఇంకను లేదు, మరణించిన తరువాత మెదడును కోసి చూడవలసినదే. డాక్టరు ఆన్ మెకీ స్టేబ్లర్ మెదడును పరీక్షించి, నాలుగు దశలలో మూడవదానికి వచ్చినదని 2016 ఫిబ్రవరిలో తెలిపెను. తలనొప్పులు విడువలేదనియు, చప్పుడు సహింపలేకపోయెననియు ఇంటివారు చెప్పిరి. లక్షమంది కేకల నడుమ కదలనివాడు కంచము చప్పుడునకు కనులు మూసికొనెనేమో అని తలంచినప్పుడు, ఫోను చూచి నేను వేసిన కేక నాకు జ్ఞాపకము వచ్చును. అతనిని పడవేసినవారొక్కరే ఆ తలను గాయపరచిరా? చప్పట్లు కొట్టుచు మరల లేవుమన్నవారి సంగతి ఏమి?

2017లో అదే విశ్వవిద్యాలయమువారు ఆ వృత్తిజట్లలో ఆడిన 111 మంది మెదళ్లను పరీక్షించినట్లు ప్రకటించిరి. 110లో వ్యాధి కనబడెను. జబ్బు అనుమానము గల కుటుంబములే మెదళ్లను ఇచ్చుట ఎక్కువ గనుక ఆడినవారందరికి ఇట్లే యగునని దీని అర్థము కాదు, వైద్యులే ఆ మాట చెప్పియున్నారు.

ఈ సంగతి మా కూటములో చెప్పితిని. కూటము ముగిసిన తరువాత పెద్దలలో ఒకాయన నిలిచి, "అయ్యగారూ, తలలోనిది తీసి ఇచ్చివేసినవాడు ఆ దినమున ఎట్లు లేచును?" అని అడిగెను. సముద్రములో పడి చేపల పాలైనవారిని, బూడిదయైనవారిని గూర్చి చెప్పితిని. మన ఊరి డాక్టరుగారు కండ్లు ఇమ్మని అడిగినప్పుడు కూడ ఈ ప్రశ్నయే వచ్చినదని జ్ఞాపకము చేసితిని. ఆయన తలపాగా విప్పి మరల చుట్టుకొనెను. తృప్తిపడినట్లు కనబడలేదు.

"చనిపోవునాటికి ఆ అబ్బాయికి ఎన్నేండ్లు?" అనెను.

"69" అంటిని.

"నాకంటె చిన్నవాడే" అని, కర్ర తీసికొని మెట్లు దిగెను.