బావగారి బుల్లెట్టు

ఇంట్లో పాత వస్తువు ఒకటి ఉన్నదంటే దాని చుట్టూ రెండు పక్షాలు తయారవుతాయి. "ఎందుకా చెత్త, పారెయ్యండి" అనేది మొదటి పక్షం. "ఉండనివ్వండి, అన్నం పెట్టమంటోందా?" అనేది రెండో పక్షం. సంక్రాంతికి ఇంటికి సున్నాలు వేయించినప్పుడల్లా ఈ రెండు పక్షాలకూ వాగ్యుద్ధం జరుగుతుంది. చివరికి ఆ వస్తువు అటక దిగి, దుమ్ము దులిపించుకుని, మళ్ళీ అటకెక్కుతుంది. "బాగుచేసి వాడుకుందాం" అనే మూడో పక్షం కూడా ఒకటి ఉన్నది గాని, దానికి ఓట్లు బహు తక్కువ. నేను ఆ పక్షం వాణ్ణి.

మా బావగారు పశువుల డాక్టరు. తెనాలి అవతలి పల్లెల్లో ముప్ఫయ్యేళ్లు ఉద్యోగం చేశారు. ఆయనకు 1971లో కొన్న బుల్లెట్టు మోటారు సైకిలు ఉండేది. ఏ అర్ధరాత్రి కబురొచ్చినా దానిమీదే బయలుదేరేవారు. ఆ చప్పుడు కాలవగట్టు మీద ఉండగానే రైతు లాంతరు పుచ్చుకుని పాక ముందుకొచ్చి నిలబడేవాడట. 2012లో బావగారు పోయారు. బుల్లెట్టు గొడ్లసావిట్లో, చొప్పకట్టల చాటున పదేళ్లు నిలబడిపోయింది.

ఒకనాడు పాత ఇనుము కొనేవాడు వచ్చి, దాన్ని కాటా మీద పెట్టి బరువు లెక్కన కొంటానన్నాడట. బండి 160 కిలోలకు పైమాటే. మా అక్కయ్య ఆ సాయంత్రమే నాకు ఫోను చేసింది. "తమ్ముడూ! దీన్ని నువ్వు తీసుకుపో. నడిపించగలిగితే నడిపించు. లేకపోతే నువ్వే అమ్మెయ్యి. అమ్మినట్టు మాత్రం నాతో చెప్పకు" అన్నది. నేను కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన మనిషిని. పెరట్లో చిన్న రేకుల షెడ్డూ, నాలుగు పనిముట్లూ ఉన్నాయి. కాని అక్కయ్య ఆఖరి మాట విన్నాక, అది సరదాకి చేసే పనిగా అనిపించలేదు.

ఈ బుల్లెట్టు పుట్టిల్లు ఇంగ్లండు. అక్కడి రాయల్ ఎన్‌ఫీల్డు వారు ఆ పేరుతో మొదటి బండిని 1932లో తెచ్చారు. మన సైన్యంవారు సరిహద్దుల్లో తిరగడానికి దాన్ని మెచ్చుకోవడంతో, 1955లో మద్రాసు మోటార్సు వారితో పొత్తు కుదిరి, మద్రాసులోనే తయారు కాసాగింది. తరవాత పుట్టింటివారి వ్యాపారం చితికిపోయింది గాని, అత్తింట మాత్రం పిల్ల చల్లగా కాపరం చేసింది. దీని సిలిండరు వ్యాసం 70 మిల్లీమీటర్లు, పిస్టను నడిచే దూరం 90. లెక్క కడితే 346 ఘనసెంటీమీటర్లు. పిస్టను ఇలా పొడుగ్గా నడవడం, లోపలి చక్రాలు బరువుగా ఉండడం వల్లనే ఆ నిదానమైన "డుగ్ డుగ్" చప్పుడు. బండి నిలిపి ఉంచినప్పుడు ఒక్కొక్క దెబ్బా విడివిడిగా వినిపిస్తుంది.

బండి మా ఇంటికొచ్చిన రోజున కిక్కు రాడ్డు అంగుళం కదలలేదు. పిస్టను సిలిండరుకు తుప్పుతో అతుక్కుపోయింది. అటువంటప్పుడు సుత్తి పట్టుకోకూడదు. ప్లగ్గు ఊడదీసి, ఆ కన్నంలో కిరసనాయిలూ నూనే కలిపి పోసి, రోజూ కాస్త కాస్త చేర్చుతూ వచ్చాను. టాపు గేరులో పెట్టి వెనక చక్రాన్ని పొద్దునా సాయంత్రం ముందుకూ వెనక్కూ నెమ్మదిగా ఊపేవాణ్ణి. తొమ్మిదోనాడు "కిర్రు"మన్నది. మా ఆవిడ వంటింట్లోంచి, "ఏం విరిగిందండీ?" అని కేకేసింది. "విరగలేదు, కదిలింది" అన్నాను.

ఆపైన ఊడదీయడం. విప్పేది ఎవరైనా విప్పుతారు. ఏది ఎక్కడిదో గుర్తుండడమే విద్య. ప్రతి భాగాన్నీ విప్పేముందు ఫోనుతో ఫోటో తీసి, నట్లూ బోల్టులూ పాత హార్లిక్సు సీసాల్లో పోసి, పైన చీటీలు అంటించాను. ఆ కాలపు నట్లకు ఇప్పటి మిల్లీమీటరు స్పేనర్లు సరిగ్గా పట్టవు. బలవంతం చేస్తే మూలలు అరిగిపోతాయి. అంగుళాల కొలత స్పేనర్ల కోసం విజయవాడ ఆటోనగర్ అంతా తిరిగాను. సిలిండరును కూడా అక్కడే ఒక లేతు మేస్త్రీగారికి అప్పగించాను. ఆయన గోడలోపల వేలితో తడిమి, "పైన అరిగిందండీ, కింద బాగానే ఉంది" అన్నారు. కొలిచి చూస్తే అక్షరాలా అంతే! కాస్త తొలిచి, ఒక సైజు పెద్ద పిస్టను వేశారు.

పెట్రోలు టాంకు లోపల తుప్పుపట్టి ఉన్నది. వెనిగరు పోసి రెండు రోజులు నానబెట్టి, గుప్పెడు గులకరాళ్లు వేసి గిలకొట్టి, కడిగి ఆరబెట్టాను. ఇత్తడి టాపును మా ఆవిడే చింతపండు పెట్టి తోమి, బంగారంలా చేసి ఇచ్చింది. ఆనాటితో ఆవిడ మొదటి పక్షం నుంచి మూడో పక్షానికి ఫిరాయించినట్లే లెక్క. ఖర్చెంతయిందంటారా? చెప్పను. ఆవిడ ఈ పత్రిక చదువుతుంది.

ఇంజను కూర్చాక అసలు పరీక్ష, నిప్పురవ్వ ఎప్పుడు పుట్టాలన్నది. పిస్టను పైకంటా చేరడానికి ఇంకా 0.8 మిల్లీమీటరు ఉందనగా పాయింట్లు విడిపోవాలి. వాటి మధ్య పల్చటి సిగరెట్టు కాగితం పెట్టి, మెల్లగా లాగుతూ ఇంజను తిప్పితే, కాగితం ఏ క్షణాన జారి చేతికొస్తుందో అదే ముహూర్తం. పుష్‌రాడ్లు చల్లటి ఇంజనులో వేళ్లతో తిప్పితే తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు. ఇంతకు మించిన ఖరీదైన యంత్రాలేవీ అక్కరలేదు, కావలసిందల్లా ఓపిక.

రంగు వేయించే ముందు అక్కయ్యను పిలిపించాను. టాంకు ఎడమవైపున ఒక సొట్ట ఉన్నది. ఒక గేదె బెదిరి బండిని పడదోసిననాటి గుర్తు అది. రంగులవాడు దాన్ని పూడ్చేస్తానన్నాడు. బావగారి జ్ఞాపకం, ఉండనిద్దామని నా ఉద్దేశం. అక్కయ్య ఆ సొట్టను కాసేపు అరచేత్తో నిమిరింది.

"పూడ్పించెయ్యరా" అన్నది. "ఆ రోజు మీ బావ కాలు విరిగి నులకమంచం మీద ఇంటికొచ్చారు. నెలన్నర నేనే లేపి కూర్చోబెట్టాను. మీకది గుర్తు, నాకది దెబ్బ. నాకు జ్ఞాపకాలు కరువైతే గదా! ఈ బండి పనిచెయ్యాలి."

"ఎవరికి పనిచెయ్యాలి, అక్కయ్యా?"

"ఎవరికేమిటి? మన పిల్లకి!"

అక్కయ్య మనవరాలు గన్నవరం పశువైద్య కళాశాలలో ఆఖరి సంవత్సరం చదువుతోంది. ఆడపిల్లకు ఇంత బరువు బండి ఎందుకని వాళ్ళ నాన్న గొణిగాడు. నిజానికి బుల్లెట్టు కిక్కుకు కావలసింది బలం కాదు, వరస. తాళం తిప్పి, కిక్కును మెల్లగా నొక్కుతూ దీపం పక్కనున్న అమ్మీటరు ముల్లును చూడాలి. ముల్లు నడిమికి వచ్చిందంటే పాయింట్లు విడిపోయాయన్నమాట. అప్పుడు ఎడమచేతి దగ్గరి చిన్న మీట లాగి, లోపలి ఒత్తిడి వదిలేసి, ఇంకొక్క రవ్వంత నొక్కి, మీట వదిలి, అప్పుడు పూర్తిగా తన్నాలి. ఈ వరస తెలియని వస్తాదును అది విదిలించికొడుతుంది. గేరు కుడికాలికీ, బ్రేకు ఎడమకాలికీ అన్న సంగతి కూడా పిల్లకు చెప్పాను. "అన్నీ తలకిందులే, చిన్నతాతయ్యా!" అని నవ్వింది. మూడోసారికే బండి అందుకుంది. అక్కయ్య వాకిట్లో నిలబడి ఆ చప్పుడు చివరిదాకా విని, ఏమీ అనకుండా కాఫీ కలపడానికి లోపలికి వెళ్ళింది.

ఇక మిగిలింది కాగితాల పని. సొంత వాహనానికి మొదటి రిజిస్ట్రేషను 15 ఏళ్లు. ఆ తరవాత బండిని చూపించి అయిదేసి ఏళ్లకు పొడిగించుకోవాలి. వారసురాలిగా ముందు అక్కయ్య పేరున మార్పించి, బండిని పరీక్షకు నిలబెట్టాం. అది నెగ్గింది. కాగితం తెచ్చి అక్కయ్య చేతిలో పెట్టి, "అయిదేళ్లే ఇచ్చారు, అక్కయ్యా" అన్నాను.

అక్కయ్యకు డెబ్భై ఎనిమిది నిండాయి. కళ్లజోడు సవరించుకుని, తేదీ చదువుకుని, కాగితం మడిచి బీరువాలో పెట్టింది.

"సరిపోతుందిలేరా. అయిదేళ్ల తరవాత మళ్ళీ వెళ్ళి అడుగుదాం. నువ్వు మాత్రం ఆ స్పేనర్లు ఎవరికీ ఇవ్వకు" అన్నది.