నాలుగు మూలలు కలియుచోట



పాత నూలు చీరెలతో కుట్టిన బొంత మీ యింట ఒకటైనను ఉండును. మనలో అనేకులము అట్టి బొంతమీదనే బోర్లపడి, ప్రాకి, పెరిగినవారము. చీరెను మడతలు వేసి చుట్టును కుట్టినది ఒక విధము. ముక్కలు కోసి అతికినది మరియొక విధము. ఈ రెండవదానియందు నేను పడిన సిగ్గును మీతో చెప్పుకొనవలెనని వ్రాయుచున్నాను.

మా తల్లి ప్రభువునందు నిద్రించిన తరువాత ఆమె పెట్టెలో రెండు చీరెలు మిగిలెను. ఒకటి నీలిది, ఒకటి తెల్లది. మా కుమార్తె తొలి కాన్పుకు ధవళేశ్వరములోని మా యింటికి వచ్చినప్పుడు, పుట్టబోవు బిడ్డకు వాటితో చిన్న బొంత కుట్టవలెనని నా భార్య తలంచెను. అడ్డమునకు ఆరు, నిలువునకు ఎనిమిది, మొత్తము 48 ముక్కలు. నీలి తరువాత తెలుపు, తెలుపు తరువాత నీలి. జీర్ణించిన భాగము తీసివేయగా గట్టి గుడ్డ చాలీచాలక వచ్చెను.

"కోయుట నా పని" అంటిని. వేదాంత పాఠశాలలో చదివినవానికి చదరపు ముక్క కోయుట ఒక పనియా! మొదటి ముక్కను గుడ్డమీద పెట్టి రెండవది కోసితిని, రెండవదానిని పెట్టి మూడవది. నా భార్య వాటిని వరుసలుగా కుట్టి, వరుసకు వరుసను చేర్చి చూడగా, ఒక్కచోటనైనను నాలుగు మూలలు కలియలేదు. ఒక వరుస పొడుగు, ఒక వరుస పొట్టి. అప్పుడు నేను ఊరకుండవలసినది. "అతుకుల బొంతే గదా, ఎవరు చూస్తారు?" అంటిని. ఆమె మారుమాట పలుకక లోపలికి వెళ్లెను. ఆ గుడ్డ ఏ అంగడిలోను దొరకదని నాకప్పుడు తోచినది.

మా సంఘములో ఒక వృద్ధురాలు కలదు. బొంతలు కుట్టుటలో ఆరితేరినది. ఆమె నా ముక్కలను దొంతిగా పేర్చి చూచి నవ్వెను. "ఒకదాన్ని చూసి ఇంకోటి కోశారాండి అయ్యగారూ? అన్నిటికీ ఒకటే అట్టముక్క ఉండాలండి." కుట్లన్నియు విప్పించి, నాలుగున్నర అంగుళముల అట్ట పెట్టి, దాని అంచు గుడ్డలోని పోగు వెంట నిలుచునట్లు చూచి, మరల కోయించెను. ఐమూలగా కోసిన గుడ్డ చేతిలోనే సాగునట. 27 అంగుళముల వెడల్పు, 36 అంగుళముల పొడవు కావలసిన బొంత 24కును 32కును తగ్గెను. మా తల్లి చీరెలో నేను పాడుచేసినది అంత.

తరువాత కుట్టు సంగతి. ఎనిమిది ముక్కల వరుసలో ఏడు అతుకులుండును. ఒక్కొక్క అతుకులో అంగుళమున ఎనిమిదవ వంతు అధికముగా లోనికి పోయిన యెడల, వరుస చివరకు దాదాపు అంగుళము తప్పును. అందుచేత ఆమె మిషనుమీద సూదికి పావు అంగుళము దూరమున ప్లాస్టరు పట్టీ అంటించి, గుడ్డ అంచు దానిని తాకుచు పోవలెననెను.

మా ఊరివారికి కొలతను గూర్చి ఒకరు చెప్పవలెనా? గోదావరికి ఎఱ్ఱనీరు వచ్చినప్పుడు కాటన్ బ్యారేజి యొద్ద 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది. ఆ ముప్పావు అడుగును "సుమారుగా" అని యెవరును అనరు. లంకలలోనివారు అసలే అనరు.

మూలలు కలుపు ఉపాయము నాకు మిక్కిలి నచ్చెను. మొదటి వరుసలోని అతుకుల మడతలన్నిటిని ఒక ప్రక్కకు, రెండవ వరుసలోనివాటిని దానికి ఎదురు ప్రక్కకు ఇస్త్రీ చేయవలెను. రెండు వరుసలను ముఖాముఖిగా పెట్టినప్పుడు ఆ మడతల గట్లు రెండును ఒకదానినొకటి ఒరసికొని నిలుచును. ఒకే ప్రక్కకు మడిచిన యెడల ఒకదానిమీద ఒకటి ఎక్కి, దళసరియై, సూది క్రింద జారిపోవును. "కంటికి తెలీదండి, గోటికి తెలుస్తుంది. తడిమి చూడండి" అనెను. తడిమితిని. నిజమే, గట్లు కలిసినచోట వ్రేలు ఆగెను. అక్కడ గుండుసూది గ్రుచ్చి, అట్లే ప్రతి మూలను ముందుగా బిగించి, నడుమ మిగిలిన వదులును సర్దుకొనుచు కుట్టవలెను. నేను అంచునుండి మొదలుపెట్టి, మూల వచ్చినప్పుడు చూచుకొందమనుకొనువాడను.

నిర్గమకాండము 26వ అధ్యాయము ఎన్నిమారులు చదివితినో! పది తెరలు, అయిదేసి తెరల కూర్పులు రెండు, ఒక్కొక్క కూర్పు అంచున ఏబది కొలుకులు, అవి ఒకదానికొకటి ఎదురుగా నుండవలెను. నీలినూలు భావమేమి, బంగారు గుండీల భావమేమి అని ప్రసంగించితిని గాని, నలువదియవ కొలుకు కొంచెము జరిగిన యెడల ఆ కుట్టువాని గతి యేమని ఒక్కనాడైనను తలంచలేదు.

ఆ రాత్రి నా భార్యతో నేనన్న మాట తప్పని ఒప్పుకొంటిని. ఆమె, "అయితే ఆఖరి వరుస మీరే కుట్టండి" అని మిషను ముందు నన్ను కూర్చుండబెట్టెను.

వెనుక పాత దుప్పటి వేసి, పరుగు కుట్లు వేసి బొంత ముగించితిమి. నేను కుట్టిన వరుసలో ఒక్క మూల నూలుపోగంత తప్పెను. వెలుతురుకు పెట్టి చూచి, "విప్పుదునా?" అని అడిగితిని.

"ఉండనివ్వండి" అని ఆమె దానిని మడిచి సంచిలో పెట్టెను. ఆసుపత్రికి వెళ్లుటకు ఆటో అప్పటికే వాకిట నిలిచియుండెను.