తూకంరాయికి కొత్త పని

వారసత్వంగా వచ్చిన వస్తువును పనిముట్టుగా వాడుకున్నవాళ్ల మాట వస్తే మా హైదరాబాద్ పాతబస్తీలో ముందుగా తలుచుకోవలసింది ఏడో నిజాంనే. ఆయన తండ్రి మహబూబ్ అలీ ఖాన్ 1891లో సిమ్లా వర్తకుడు అలెగ్జాండర్ మాల్కం జాకబ్‌తో ఒక వజ్రానికి బేరం కుదుర్చుకున్నాడు. ఆ బేరం బెడిసి, తగవు కలకత్తా హైకోర్టు దాకా పోయింది. చివరికి వజ్రం మహబూబ్ అలీ ఖాన్ చేతికే వచ్చినా, దాని మీద ఆయనకు మనసు విరిగిపోయింది. 1911లో ఆయన కన్నుమూశాక, చౌమహల్లా ప్యాలెస్‌లో తండ్రి జోడు కొనలో దాచివున్న ఆ రాయి కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్‌కు దొరికిందని చెప్పుకుంటారు. దాదాపు 185 క్యారట్ల ఆ వజ్రాన్ని ఆయన రాతబల్ల మీద పేపర్‌వెయిట్‌గా పెట్టుకున్నాడు. 1995లో భారత ప్రభుత్వం 218 కోట్ల రూపాయలకు కొన్న నిజాం నగల్లో అదీ ఒకటి. తర్వాత సాలార్‌జంగ్ మ్యూజియంలో ప్రదర్శనకు పెట్టినప్పుడు జనం బారులు తీరి చూశారు.

ఈ కథ విన్నవాళ్లు అంత ఖరీదైన రాయిని కాగితాల మీద పెట్టడమేమిటని నోరెళ్లబెడతారు. నన్ను ఆలోచింపజేసేది మరొకటి. కాగితాలను అణిచిపెట్టినన్నాళ్లూ ఆ వజ్రానికి ఎవరూ సాన పట్టలేదు, బెజ్జం వేయలేదు. పని కొత్తదే అయినా రాయి తండ్రి వదిలి వెళ్లిన రాయిగానే మిగిలింది. పెద్దల వస్తువును పనిలో పెట్టాలా వద్దా అన్న ప్రశ్న మా ఇంట్లోనే తలెత్తినప్పుడు నాకు ఈ సంగతే గుర్తుకొచ్చింది.

మాది శాలిబండ. చార్మినార్ నుంచి దక్షిణంగా వస్తే రాజా రాయ రాయన్ దేవిడీ గడియార స్తంభం కనిపిస్తుంది. హరిబౌలి వైపు నడిస్తే అక్కన్న మాదన్నల పేరు మోసే మహంకాళి గుడి. ఈ చుట్టుపక్కల గల్లీల్లో ఇంటి ముందు గదే కార్ఖానా అయిన ఇళ్లు చాలానే ఉన్నాయి. మా మేనల్లుడిదీ అలాంటిదే, వెండిపని. పాత పూజసామాను సొట్టలు తీస్తాడు, మెరుగు పెడతాడు, చెక్క పీటలకు వెండి రేకు తాపడం చేస్తాడు. ఒకప్పుడు అదే గదిలో మా తాత కిరాణా దుకాణం నడిపేవాడు. ఆ దుకాణం నుంచి మిగిలినది ఒక్కటే, ఐదు సేర్ల ఇనుప తూకంరాయి. అటక మీద నుంచి దాన్ని దించి, పై భాగం చదునుగా అరగదీసి దాగలిగా వాడుకుంటానన్నాడు మేనల్లుడు.

మా మేనత్త ఒప్పుకోలేదు. "అది మా బాపు చేతుల తిరిగిన రాయిరా. దాని మీద సుత్తె ఏసుడేంది?" అన్నది.

"అటక మీద తుప్పు వట్టుడు కన్నా నా చేతుల పనికొస్తే తాతకు మంచిగనే ఉంటది గద, అమ్మమ్మా" అన్నాడు వాడు. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వేమంటవ్ మామా?" అని అడిగాడు.

వాడికి జవాబు చెప్పాలంటే ముందు ఆ రాయి సంగతి తెలియాలి. సేరు అంటే 80 తులాలు, ఇప్పటి లెక్కలో 933 గ్రాములు. ఐదు సేర్లంటే సుమారు 4 కిలోల 665 గ్రాములు. నలభై సేర్లయితే మణుగు. 1956లో తూనికలు, కొలతల చట్టం వచ్చింది. 1958 అక్టోబరు నుంచి మెట్రిక్ తూనికలు మొదలై, 1962 నాటికి దేశమంతటా తప్పనిసరి అయ్యాయి. దాంతో ప్రతి దుకాణంలోనూ తక్కెడ పక్కన కిలో రాళ్లు చేరాయి, సేరు రాళ్లు పాత ఇనుము కింద పోయాయి. మా తాత కూడా మిగతావన్నీ ఇచ్చేసి దీన్ని మాత్రం ఉంచుకున్నాడు. కొనేవాడు గల్లా ముందు నిలబడి నమ్మకంగా చూసిన రాయి అది. దాని అడుగున ఒక గుంట, గుంటలో సీసం, సీసం మీద ముద్ర ఉన్నాయి. పోత పోసినప్పుడు బరువులో వచ్చిన తేడాను సీసంతో సరిచేసి, తనిఖీ అధికారి ముద్ర వేసేవాడు. దుకాణదారు మాట నిజమని చెప్పే సాక్ష్యం ఆ ముద్రే.

అందుకే మా మేనత్త అభ్యంతరాన్ని ముసలితనపు మమకారమని నేను కొట్టెయ్యలేకపోయాను. అరగదీసిన తూకంరాయి తక్కువ తూగుతుంది. జీవితమంతా తూకం తప్పకుండా అమ్మినవాడి గుర్తును, ఆయన పోయాక ఆయన ఇంటివాళ్లే దొంగరాయిగా మార్చడమవుతుంది అది. ఆ రాయిని ఇక ఎవరూ తక్కెడలో వేయరన్నది నిజమే. అయినా తండ్రి నిజాయితీ ఎన్ని తులాలో అన్ని తులాలూ అందులో ఉండాలని కూతురు కోరుకోవడం న్యాయం.

మేనల్లుడి వాదనకూ బలముంది, అది మన సంప్రదాయంలోంచి వచ్చిన బలం. దసరాకు ఆయుధపూజ చేసేటప్పుడు మనం వేటికి పసుపు కుంకుమలు పెడతాం? కార్ఖానాలో సుత్తెలు, శ్రావణాలు, కత్తెరలు, తీగ తీసే కమ్మచ్చు, ఊదుగొట్టం కడిగి వరసగా పేరుస్తారు. లారీ డ్రైవరు స్టీరింగుకు దండ వేస్తాడు, దర్జీ మిషనుకు బొట్టు పెడతాడు. అటక మీది వస్తువులకు ఆ రోజు పూజ జరగదు. అన్నం పెట్టేది పనిముట్టు కాబట్టే మనవాళ్లు దాని ముందు తల వంచారు. చౌమహల్లాలోని ఖిల్వత్ గడియారం ఇన్నేళ్లుగా టిక్కుటిక్కుమంటున్నదంటే, వారం వారం దానికి కీ ఇచ్చే చేతులున్నాయి గనుకనే. ఎవరూ ముట్టుకోని వస్తువు మొదట దుమ్ము పడుతుంది, తర్వాత పేరు పోగొట్టుకుంటుంది. రెండు తరాలు గడిచాక అది ఎవరిదో చెప్పేవాళ్లుండరు, పాత ఇనుము బండి వీధిలోకి రాగానే కిలోల లెక్కన వెళ్లిపోతుంది. వస్తువును పనిలో పెట్టడం అగౌరవమని నేను ఎన్నటికీ అనను.

ఇద్దరిదీ న్యాయమే అయినప్పుడు లోహాన్ని అడగాలి. ఆ రాయి పోత ఇనుము. పోత ఇనుములో కర్బనం రెండు శాతానికి పైనే ఉంటుంది. బరువు మోయడంలో దానికి తిరుగులేదు గాని దెబ్బకు ఓర్వదు. సుత్తె దెబ్బలు పడుతుంటే అంచులు పెళుసుగా రాలతాయి, ఒకరోజు నిలువునా పగలవచ్చు. దాగలికి కావలసింది సాగదీసి గట్టిపరచిన ఉక్కు. రైలు పట్టాల ఉక్కులో కర్బనం ఒక శాతానికి లోపే ఉంటుంది, అందుకే అది చక్రాల దెబ్బలను ఏళ్ల తరబడి భరిస్తుంది. ఇక ఆ గుంటలోని సీసం సంగతి. సీసం 327 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. వెండిబంగారాల పని చేసేవాళ్లు దాన్ని కుంపటి దరిదాపుల్లోకి రానివ్వరు. కాస్త సీసం కలిసినా బంగారం పెళుసైపోతుంది, వేడి చేసిన వెండికి గుంటలు పడతాయి. అంటే ఆ రాయిని దాగలి చేస్తే జ్ఞాపకమూ పోయేది, పనీ చెడేది.

ఇలా చెప్పడంలో, రూపం మార్చడమే తప్పని నా ఉద్దేశం కాదు. పళ్లు పూర్తిగా అరిగిపోయిన ఆకురాయి ఒకటి తండ్రి నుంచి కొడుక్కు వచ్చిందనుకోండి. ఆకురాయిగా దాని పని అయిపోయింది. కానీ అది మేలైన ఉక్కు. కొలిమిలో కాల్చి సాగగొట్టి, అంచు దీసి, నీరు పోస్తే మంచి ఉలి అవుతుంది, గీకుడుకత్తి అవుతుంది. మన కమ్మరులు ఎప్పటినుంచో చేస్తున్న పనే ఇది. తండ్రి చేతి ఉక్కు కొడుకు చేతిలో మరో ముప్పై ఏళ్లు బతుకుతుంది. అక్కడ రూపం మార్చకపోవడమే ఆ ఉక్కును వృథా చేయడం.

దీనికి పూర్తిగా ఎదురుగా ఉన్నది హాలీ రూపాయి కథ. చార్మినార్ బొమ్మతో నిజాం టంకసాలలో అచ్చయిన ఆ నాణెం బరువు 11 గ్రాములకు కాస్త ఎక్కువ. పాత అచ్చుల్లో వెండి నూటికి 82 పాళ్లకు దగ్గరగా ఉంటుంది. కరిగించి శుద్ధి చేస్తే మిగిలేది 9 గ్రాముల చిల్లర వెండి. అమ్మమ్మలు మెడలో వేసుకున్న రూపాయల పేరులు ఎన్నో మూసలోకి పోయాయి. కూతురి పెళ్లికో, ఆస్పత్రి ఖర్చుకో కరిగించుకున్నవాళ్లను ఒక్క మాట అనడానికి నాకు నోరు రాదు, ఆపదలో ఆదుకోవడానికే ఆ వెండి ఇంట్లో ఉన్నది. అవసరం లేకపోయినా ఫ్యాషన్ మారిందని కరిగించినవి మాత్రం నన్ను బాధపెడతాయి. మూసలోంచి బయటికి వచ్చిన వెండి ముద్ద మీద చార్మినార్ ఉండదు, దాన్ని మళ్లీ ఎవరూ అచ్చు వేయలేరు.

ఈ ఆలోచనలన్నీ కలిపితే నాకు మూడు ప్రశ్నలు తేలాయి. ఆ వస్తువు ఎవరిదో చెప్పే గుర్తు దాని ఏ భాగంలో ఉంది? కొత్త పని ఆ భాగాన్ని తినేస్తుందా? రేపు ఇంట్లో ఇంకొకరు అడిగితే దాన్ని మళ్లీ మొదటి రూపంలో ఇవ్వగలమా? ఆకురాయి విషయంలో గుర్తు ఉక్కులోనే ఉంది, రూపం మారినా ఉక్కు పోదు. తూకంరాయి విషయంలో గుర్తు బరువులోనూ ముద్రలోనూ ఉంది, అరగదీత బరువును తినేస్తుంది, ముద్రను అబద్ధం చేస్తుంది. వజ్రాన్ని బల్ల మీది నుంచి తీసి ఇనప్పెట్టెలో పెట్టడానికి ఒక్క క్షణం చాలు.

మా ఇంట్లో చివరికి కుదిరింది ఇది. దాగలి కోసం మేనల్లుడు జుమేరాత్ బజారుకు వెళ్లి ఒక మంచి ఉక్కు దిమ్మె కొనుక్కొచ్చాడు. తాత రాయి కూడా కార్ఖానాలోకే చేరింది, కుంపటికి దూరంగా ఉన్న రెండో బల్ల మీదికి. పీటకు జిగురు రాసి వెండి రేకు పరిచాక, ఆరేదాకా దాన్ని కదలకుండా అణిచిపెట్టే బరువు కావాలి. అడుగున మందపాటి బనాతు గుడ్డ వేసి ఆ రాయిని దాని మీద పెడుతున్నాడు. బరువుగా పుట్టిన ఇనుము బరువుగానే పని చేస్తున్నది. రాయికి తుప్పు వదిలించి పలచగా నూనె రాశాడు, ముద్ర జోలికి పోలేదు.

మా మేనత్త వచ్చి చూసింది. రాయిని తిప్పించి అడుగున ముద్ర ఉందో లేదో చూసుకున్నది. "గిట్లయితే ఉండనీయ్. మా బాపు దుకాణంల మళ్ల కూసున్నడు" అన్నది.

మీ ఇంట్లోనూ ఇలాంటి వస్తువు ఒకటి ఉండే ఉంటుంది. ఇనుప రోలో, కంచు గంటో, తాత కత్తెరో, నాయనమ్మ ఇస్త్రీపెట్టెనో. ముందు దాన్ని కిందికి దించండి. ఫొటో తీయండి, తూచండి, ఎవరిదో, ఎక్కడిదో, దేనికి వాడేవారో ఒక కాగితం మీద రాసి ఇంట్లో భద్రం చేయండి. అది ఏ లోహమో తెలిసినవాళ్లకు చూపించండి, సీసం ఉంటే పొయ్యికీ వంటకూ దూరంగా ఉంచండి. ఆ తర్వాత ఇంట్లో దాని మీద ప్రేమ ఉన్న అందరినీ కూర్చోబెట్టి అడగండి. వస్తువుకు దెబ్బ తగలని పని ఏదైనా కనిపిస్తే ఆలస్యం చేయకుండా పనిలో పెట్టండి. కోసి, కరిగించి, అరగదీస్తే తప్ప కుదరని పనైతే మాత్రం దానికి వేరే ఇనుము కొనుక్కోండి. ఇనుము బజారులో ఎప్పుడూ దొరుకుతుంది.