తగ్గినదన్న మాట

మన భాషలో వైద్యునికి మిక్కిలి అపకారము చేయు మాట యేదని నన్నడిగినచో, ‘తగ్గింది’ అను మాటయే యని చెప్పుదును. కొలత కొంచెమగుటకును, రోగము నిశ్శేషముగా పోవుటకును మనము తరచుగా ఆ యొక్క మాటనే వాడుదుము; క్షయకు 6 నెలలు మ్రింగవలసిన మాత్రలను రెండవ నెలలోనే గూటిలో పెట్టి మరచినవారందరును నా యెదుట నిలిచి పలికినది ఆ మాటయే.

కొత్తచెరువులో బస్సు దిగి నాయొద్దకు వచ్చిన ఆ యువకునకు 26 ఏండ్లు. ధర్మవరమున పట్టుమగ్గము నేయువాడు. మూడు నెలలుగా దగ్గు, పండుకొన్నచో ఆయాసము, ముఖమున వాపు. ఎక్స్‌రేలో నీడను చూచి, కఫపరీక్షయైనను చేయకయే, ఎవరో క్షయమాత్రలిచ్చియుండిరి. ఆ నీడ ఊపిరితిత్తులది గాదు. రొమ్ముటెముకకు వెనుక, గుండెకు ముందు పెరిగిన బీజకణముల గడ్డ. గర్భస్థశిశువునందు బీజకణములు దేహమధ్యరేఖ వెంబడి తమ నెలవునకు పయనించు వేళ, కొన్ని దారిలో నిలిచిపోయి, ఏండ్ల తరువాత ఇట్లు గడ్డకట్టునని శాస్త్రజ్ఞులలో పెక్కురి తలంపు. వృషణములను స్కాను చేయించి, అందు దోషము లేదని తేల్చుకొని, నెత్తుట ఆల్ఫా ఫీటో ప్రోటీను మిక్కుటముగా నుండుట చూచి, బెంగుళూరు కిద్వాయి ఆసుపత్రికి పంపితిని. సిస్‌ప్లాటిన్ కలిసిన మందులు, 21 రోజులకొకమారు, నాలుగు విడతలు. ఆపైన మిగిలిన గడ్డకు శస్త్రచికిత్స. 1970ల దశకమున ఈ మందు రాకపూర్వము ఇట్టివారిలో బ్రతికి బట్టకట్టినవారు అరుదు.

రెండు విడతలు ముగించుకొని, జుట్టు రాలిన తలను తువ్వాలుతో కప్పి, ఇరుగుపొరుగు వారితో కదిరి నరసింహస్వామికి తలనీలాలిచ్చితినని చెప్పుకొనుచు, వాపు దిగిన ముఖముతో, దగ్గు లేక, నవ్వుచు నాయెదుట నిలిచెను. ఫిలిమును వెలుతురునకు పట్టి చూచి, సంతోషము పట్టలేక, ‘బాగా తగ్గింది నాయనా!’ అంటిని.

మూడవ విడతకు అతడు పోలేదు. మగ్గముమీద ఎవరిదో పెండ్లిచీర యున్నది. ఇంట కూలి ఆగిపోయి యున్నది. మూడు నెలలకు మరల దగ్గుతో వచ్చినప్పుడు, ‘నాలుగన్నచో నాలుగే గదా, రెండెట్లగును!’ అని నేను కేకలు వేయగా, అతని తల్లి మెల్లగా, ‘మీరే తగ్గిందంటిరి కద సార్, ఇంగేమిటికి సూదులని ఊరకుంటిమి’ అన్నది. ఆ తల్లి మాటలో తప్పెక్కడ? చిన్నదైనదని నేనన్నాను, పోయినదని ఆమె విన్నది. నెత్తుటిలోని ఆ ప్రోటీను లెక్క మునుపటికంటె పైకి పోయియుండెను. సగములో విడిచిన గడ్డ రెండవమారు మందులకు లొంగుట కష్టము, రొమ్ములోని ఈ జాతి గడ్డ లొంగుటయైతే అరుదు. ఆ చీర నేసి ముగించినదెవరో నేనడుగలేదు.

ఇప్పుడు నా చీటీలపై ‘తగ్గింది’ అని వ్రాయను. ‘చిన్నదైనది, ఇంకను ఉన్నది’ అని వ్రాసి, ఇంటివారిచేత ఒకమారు పైకి చదివింతును. చదువుచు వారి ముఖములు చిన్నబోవును. ఆ చిన్నబోయిన ముఖములతోనే వారు మరల బెంగుళూరు బస్సెక్కుచున్నారు.